రాత్రి పది గంటల వేడి: దర్శి దగ్గర ఒక ఇంటి కేస్ స్టడీ

మాస్టారు మొదటిసారి ఫోన్ చేసినప్పుడు ఎండ గురించి ఒక్క మాటా చెప్పలేదు. "పగలు ఎట్టాగో వేపచెట్టు కింద గడిచిపోద్ది బాబూ. రాత్రి పది దాటాక ఆ శ్లాబు గదిలో పడుకుంటే పెనం కింద పడుకున్నట్టుంటుంది. నాకూ మీ అమ్మగారికీ నిద్ర పట్టే ఇల్లు కట్టు, చాలు" అన్నారు. రిటైరైన లెక్కల మాస్టారు కదా, సమస్యను సరిగ్గా చెప్పారు. ఇంజినీర్లమంతా మధ్యాహ్నం మూడు గంటల వేడి గురించే లెక్కలేస్తాం. ఇంట్లో ఉండేవాళ్లను చంపేది రాత్రి పది గంటల వేడి.

ఊరు ప్రకాశం జిల్లా దర్శికి పడమరగా ఉంటుంది. సముద్రం అరవై కిలోమీటర్ల పైనే. ఒంగోల్లో మధ్యాహ్నం అయ్యేసరికి వచ్చే సముద్రపు గాలి అక్కడిదాకా వచ్చేసరికి దాని చల్లదనం అయిపోతుంది. మే నెలంతా పడమటి వడగాలే. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయనే మాట పుట్టింది ఇలాంటి ఊళ్లలోనే అనుకుంటా.

స్థలంలో అప్పటికే రెండు కట్టడాలున్నాయి. ఒకటి మాస్టారి తాత కట్టిన మట్టి మిద్దె. రెండోది దాని పక్కనే ఇరవై ఏళ్ల కింద వేసిన 12 అడుగుల శ్లాబు గది. మిద్దెకు దూలాలు, వాటి మీద దంతెలు, పైన కంప పరిచి మందంగా మట్టి, అన్నిటికన్నా పైన చవుడు మట్టి. లోపలికి అడుగు పెడితే మే నెలలో కూడా హాయిగా ఉంది. నేను ఉత్సాహంగా దీన్నే బాగు చేద్దామన్నాను. అమ్మగారు నన్ను ఒకసారి చూశారు. "చల్లగా ఉంటదని అందరూ చెప్తారు నాయనా. ఏటా వానల ముందు చవుడు పోసేవాళ్లెవరు? పైనుంచి తేలు పడితే తీసేవాళ్లెవరు? నువ్వొచ్చి ఉంటావా?" నా దగ్గర జవాబు లేదు. రెండు దూలాలకు చెద పట్టి ఉంది, ఒక మూల కుంగింది. చవుడు పోసే మనుషులు నిజంగానే ఊళ్లో లేరు. మట్టి ఇళ్ల గొప్పతనం గురించి మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది వాటిలో ఉండని వాళ్లే. ఆ రోజు నేనూ ఆ జాబితాలోనే ఉన్నాను.

బెంగళూరులో ఉన్న కొడుకు అప్పటికే ఒక ప్లాన్ పంపాడు. మొత్తం శ్లాబు, పడమటి రోడ్డు వైపు పెద్ద అద్దాలు, ఎలివేషన్‌కు చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్, మూడు ఏసీలు. నల్ల రాతిలో బంగారు చుక్కలు మెరిసే ఆ రాయి అందం గురించి నాకు పేచీ లేదు. మన జిల్లా రాయి, ప్రపంచమంతా వెళ్తోంది. కానీ పడమటి గోడకు నల్ల రాయి అతికించడమంటే, సాయంత్రం ఎండనంతా తాగి రాత్రికి తిరిగిచ్చే పొయ్యిని గోడకు కట్టుకోవడమే.

కట్టడం మొదలుపెట్టే ముందు ఒక వేసవి కొలతలు తీశాను. మామూలు డిజిటల్ థర్మామీటర్లు రెండు, తాకకుండానే గోడ, కప్పు వేడిని చూపించే ఇన్‌ఫ్రారెడ్ గన్ ఒకటి. మొదటి వారం రీడింగులన్నీ చెత్తబుట్టలో వేశాను. థర్మామీటరును పడమటి గోడకు మేకు కొట్టి తగిలించారు, అది గాలి వేడిని వదిలేసి గోడ వేడిని చూపించింది. తర్వాత ఫ్యానుకు దూరంగా, గది మధ్యలో తాడుకు కట్టి వేలాడదీశాం. బయట మధ్యాహ్నం 42 డిగ్రీలు దాటిన ఒక రోజు లెక్క ఇదీ: రెండు గంటలకు పాత శ్లాబు పైభాగం 61. సాయంత్రం ఆరింటికి లోపల సీలింగు 44. రాత్రి పదింటికి బయట గాలి 32కి దిగింది, సీలింగు మాత్రం ఇంకా 40 దగ్గరే ఉంది. ఫ్యాను వేస్తే ఆ సీలింగు కింది వేడి గాలినే మంచం మీదికి తోస్తుంది. మాస్టారు పెనం అన్నది ఉత్త పోలిక కాదు.

ఎందుకిలా? మన వైపు వేసవి సూర్యుడు గోడల కన్నా కప్పునే ఎక్కువ కాలుస్తాడు. దర్శి అక్షాంశం 16 డిగ్రీలకు కాస్త తక్కువ. మే మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అక్కడి నుంచి ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపుకే ఒరిగి ఉంటాడు. దక్షిణం గోడకు చజ్జా వేసి ఎండ ఆపామనుకునేవాళ్లు ఇది గమనించరు. మంచి ఎండలో చదరపు మీటరు కప్పు మీద 900 వాట్లకు పైగా పడుతుంది. బూడిద రంగు కాంక్రీటు అందులో ఎక్కువ భాగం తాగేస్తుంది. అయిదంగుళాల శ్లాబులో ఆ వేడి కిందికి దిగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. అంటే మధ్యాహ్నం ఎండ సాయంత్రానికి గదిలోకి దిగి, నిద్ర వేళకు కూడా ఆరకుండా ఉంటుంది. మట్టి మిద్దె అంత మందం ఉంటే ఆ వేడి తెల్లవారుజాము దాకా దిగదు, దిగేది కూడా పలచబడి దిగుతుంది. అన్నిటికన్నా చెడ్డ మందం మనమంతా వేస్తున్న అయిదంగుళాలే.

ఇక వాస్తు. నైరుతి గది యజమానికి ఉండాలన్నారు, దాని మీద చర్చ లేదు. మధ్యాహ్నం నుంచి పొద్దుగుంకే దాకా పడమటెండ పడే మూల అదే, రాత్రికి ఇంట్లో అన్నిటికన్నా వేడి గది అవుతుంది. నేను వాస్తుతో గొడవ పెట్టుకోను. నా అనుభవంలో ఆ గొడవలో ఇంజినీరు గెలిచిన ఇల్లు లేదు. దాని బదులు అదే శాస్త్రం ఒప్పుకునే వాటినే అడ్డం పెట్టాను. నైరుతిలో బరువుండాలి కాబట్టి బయటి మెట్లు అక్కడ పెట్టాం. ఆ మెట్లూ వాటి గోడా కలిసి పడక గది పడమటి గోడకు నీడ. వాయవ్యంలో బాత్రూములు, మధ్యలో సామాన్ల గది. పడమర ముఖంగా ఉన్న ఇంటికి పడమటి వైపు మనిషి పడుకునే గోడ ఒక్కటీ నేరుగా ఎండకు లేదు. సిద్ధాంతిగారు ప్లాను చూసి మెచ్చుకున్నారు. నేనేమీ చెప్పలేదు.

పునాదికి చీమకుర్తి క్వారీల దగ్గర గుట్టలుగా పడున్న వేస్టు రాయి తెప్పించాం. ఖర్చల్లా లారీ కిరాయిదే. గోడలకు ఆ స్థలంలో మట్టితోనే ఇటుకలు నొక్కుదామని నాకు ఆశ ఉండేది. ఎర్ర మట్టి ఉంటే అయిదారు శాతం సిమెంటు కలిపి ప్రెస్సులో నొక్కి, కాల్చకుండానే మంచి దిమ్మెలు చేయొచ్చు. సీసాలో మట్టి, నీళ్లు కలిపి ఒక రాత్రి పెడితే ఇసుక ఎంతో, బంక ఎంతో పొరలుగా తేలుతుంది. మా సీసాలో అడుగున ఇసుక వేలు మందం కూడా లేదు. నల్లరేగడి. ఎండకు చేయి దూరేంత పగుళ్లు, వానకు ఉబ్బు. ఆ ఆలోచన అక్కడితో ముగిసింది.

ఫ్లైయాష్ ఇటుకల గురించి అందరూ అడుగుతారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. నెల్లూరు జిల్లా కృష్ణపట్నం దగ్గర నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం వచ్చాక మన వైపు బూడిదకు లోటు లేదు. కొలత కచ్చితంగా ఉంటుంది, పొలాల పైమట్టి మిగులుతుంది. ఇవన్నీ నిజమే, నేనూ వాడతాను. కానీ ఫ్లైయాష్ ఇటుక పెట్టాను కాబట్టి ఇల్లు చల్లగా ఉంటుందంటే నమ్మకండి. వేడిని ఆపే పనిలో దానికీ కాల్చిన ఇటుకకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. పర్యావరణానికి మంచిది, మంచం మీద పడుకున్న మనిషికి చల్లనిది అనేవి రెండు వేరే లెక్కలు. అమ్మేవాళ్లు రెంటినీ ఒకే కాగితం మీద వేస్తారు.

ఎండ తగిలే గోడలకు బట్టీ ఇటుకలనే ర్యాట్ ట్రాప్ పద్ధతిలో కట్టాం. ఆర్కిటెక్టు లారీ బేకర్ కేరళలో బాగా ప్రచారంలోకి తెచ్చిన కట్టుడు ఇది. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెడతారు, 9 అంగుళాల గోడలోనే మధ్య మూడంగుళాల ఖాళీ మిగులుతుంది. నాలుగో వంతు దాకా ఇటుకలు మిగులుతాయి. మా మేస్త్రీ దానికి "ఎలకల బోను కట్టుడు" అని పేరు పెట్టి రెండు రోజులు నవ్వాడు. మూడో రోజు నవ్వు ఆగింది. బట్టీ ఇటుకలు ఒక్కోటి ఒక్కో సైజు. నిలబెట్టి కట్టేటప్పుడు ఆ తేడా అంతా వరస మీద కనిపిస్తుంది. ఏరి పక్కన పెట్టడానికే ఒక కూలీని పెట్టాల్సి వచ్చింది. కరెంటు పైపుల కోసం తర్వాత గోడ చెక్కడం కుదరదు కాబట్టి స్విచ్ బోర్డు ప్రతిదీ ముందే గీసుకోవాలి. నేను గీశాను. ఎలక్ట్రీషియన్ చూడలేదు. హాల్లో టీవీ పాయింటు ఇప్పటికీ గోడ మీద కేసింగ్ పట్టీలోనే నడుస్తోంది.

అసలు పనంతా కప్పు మీదే. ఇళ్లలో కరెంటు పొదుపు కోసం కేంద్రం 2018లో తెచ్చిన నియమావళి ఎకో నివాస్ సంహిత, కప్పుకు యూ విలువ 1.2 దాటకూడదంటుంది. యూ విలువ ఎంత ఎక్కువైతే వేడి అంత సులువుగా దూరుతుందని అర్థం. ఉత్త శ్లాబుకు అది 3 పైమాటే. కొడుక్కి ఈ ఒక్క అంకె చూపించాకే గ్రానైట్ డబ్బులు కప్పుకు మళ్లాయి.

హాలు మీద ఫిల్లర్ శ్లాబు వేశాం. శ్లాబు కింది భాగంలో కాంక్రీటు ఉత్త బరువే, అక్కడ బలమంతా కమ్మీది. ఆ కాంక్రీటు స్థానంలో రెండేసి మంగళూరు పెంకులు బోర్లించి, కమ్మీల గడుల మధ్య పెడతాం. కాంక్రీటూ సిమెంటూ మిగులుతాయి, కింద నుంచి చూస్తే ఎర్రటి పెంకుల వరసలు ముచ్చటగా ఉంటాయి. పోసే ముందు పెంకులను నీళ్లలో నానబెట్టాలి, లేకపోతే కాంక్రీటులోని నీళ్లు లాగేస్తాయి. కూలీలు వాటి మీద నడిస్తే పగులుతాయి కాబట్టి పలకలు పరిచి నడిపించాం, అయినా ఓ పాతిక పగిలాయి. చల్లదనం విషయంలో మాత్రం దీనికి పేరు కాస్త ఎక్కువే వచ్చిందని నా అభిప్రాయం. పెంకు ఉన్నచోట వేడి ఆగుతుంది, గడుల మధ్య కాంక్రీటు నుంచి దిగుతూనే ఉంటుంది.

రెండు పడక గదుల మీద చేసింది వేరు. శ్లాబు వేశాక దాని మీద మట్టి ముంతలు బోర్లించాం. నాలుగంగుళాల ఎత్తు, ఆరంగుళాల వెడల్పు, చదరపు అడుగుకు నాలుగు. దాదాపు 290 చదరపు అడుగులకు 1,300 ముంతలు చెప్పాం. పక్క ఊరి కుమ్మరి మొదట నమ్మలేదు. "ఇన్ని ముంతలు ఏం చేసుకుంటారయ్యా, కల్లు దుకాణమా?" అన్నాడు. వందకు పైగా దారిలోనే పగిలాయి. ముంతల సందుల్లో ఇటుక ముక్కలు, సున్నం కలిపి కూరి, పైన వాటం పెట్టి, టైల్స్ దుకాణాల్లో విరిగిపోయిన తెల్ల టైల్స్ తెచ్చి చైనా మొజాయిక్ పరిచాం. ప్రతి ముంతలో ఇరుక్కున్న గాలే మనకు కావలసిన అడ్డం. రెండు గదులకు అయిన అదనపు ఖర్చు ఒక ఏసీ కొని బిగించే ఖర్చు కన్నా తక్కువే తేలింది. ఒక జాగ్రత్త: ఈ పొర చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు. కొత్త శ్లాబుకు డిజైన్‌లోనే కలపాలి. ఉన్న పాత శ్లాబు మీద లెక్క చూడకుండా వేస్తే నేను బాధ్యుణ్ణి కాను.

హాలు మీద ఉత్త సున్నం. రాయి సున్నం డ్రమ్ములో రాత్రంతా మగ్గనిచ్చి, గుడ్డతో వడగట్టి, కొంచెం జిగురు కలిపి చిక్కగా రెండు పూతలు. మన వైపు సంక్రాంతికి గోడలకు వెల్ల వేస్తారు, కప్పుకు మాత్రం శివరాత్రి దాటాక వేయాలి. అక్టోబరు, నవంబరు వానలకు ఎలాగూ సగం కడుక్కుపోతుంది. కొత్త పూత మీద మధ్యాహ్నం రెండింటికి 46 చూశాను, పక్కనే పాత గది మీద 61. ఏడాది తిరిగాక దుమ్ము పట్టి, వానకు పలచబడ్డ అదే పూత మీద 53. అంటే ఇది ఏటేటా చేసుకోవాల్సిన పని, చవుడు లాగే. తేడా ఏమిటంటే, దీనికి ఒక మనిషి, ఒక చీపురు, ఒక పూట చాలు.

ఇప్పుడు నా తప్పు. గృహప్రవేశం ముహూర్తం మాఘంలో అనుకున్నది కార్తీకానికి ముందుకు జరిగింది. ముంతలు పరిచే ముందు శ్లాబు మీద మూడు రోజులు నీళ్లు నిలబెట్టి చూడాలి. టైము లేదని ఆ ఒక్క పని వదిలేశాను. పైగా నైరుతి మూల వాననీళ్ల గొట్టం అరంగుళం ఎత్తుగా కూర్చుంది. నవంబరు తుఫాను వానకు నీళ్లు అక్కడ నిలిచి, మొజాయిక్ సందుల్లోంచి ముంతల పొరలోకి దిగాయి. గృహప్రవేశమైన పదో రోజుకి మాస్టారి మంచం మీద సీలింగుకు చెమ్మ మచ్చ. ముంతల పద్ధతిలో ఉన్న పెద్ద చిక్కు ఇదే. నీళ్లు ఎక్కడ దూరాయో ఒక చోట, మచ్చ కనిపించేది ఇంకో చోట, లోపల చేరిన నీళ్లు ఆరడానికి వారాలు. గొట్టం తీసి కిందికి దింపి, ఆ మూల ఆరడుగుల మేర ముంతలు లేపి, వాటర్‌ప్రూఫింగ్ చేసి మళ్లీ పరిచాం, నా ఖర్చుతో. అప్పటి నుంచి నీళ్లు కట్టి చూసే మూడు రోజులకు ఏ ముహూర్తమూ అడ్డు రానివ్వను.

మరుసటి మేలో మళ్లీ కొలిచాను. దాదాపు అదే ఎండ, రాత్రి పది గంటలకు బయట 32. పాత శ్లాబు గది సీలింగు 40. హాలు 36. ముంతల కింద పడక గది 34. అంకెలు చూసి నేను సంతోషపడ్డాను, మాస్టారు పడలేదు. "సీలింగు సంగతి సరే బాబూ, గదిలో ఉక్క అట్టాగే ఉంది" అన్నారు. గది గాలి చూస్తే 34 దగ్గరే ఆగి ఉంది. కారణం కాసేపటికి దొరికింది. ఎనిమిదింటికల్లా కిటికీలన్నీ మూసేస్తున్నారు. దోమలు, పిల్లి, దొంగల భయం. వేడిని బయట ఆపే కప్పు లోపలి వేడిని కూడా బయటికి పోనివ్వదు. ఇద్దరు మనుషులు, ఫ్యాను, లైటు, పగలు గోడలు పీల్చుకున్నది అంతా గదిలోనే. మట్టి మిద్దెకు గవాక్షం, అంటే కప్పులో గాలికి వదిలే కంత, ఎందుకుండేదో నాకు ఆ రాత్రి బాగా అర్థమైంది. పడక గదికి ఉత్తరం కిటికీకి దోమల జాలి, గట్టి గ్రిల్లు పెట్టించి, ఎదురుగా సీలింగు దగ్గర వెంటిలేటరులో చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించాం. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఏడు దాకా కిటికీలు మూయాలి, ఏడు తర్వాత తెరవాలి. మన అలవాటుకు సరిగ్గా తిరగేసి. వారం రోజులు అమ్మగారు గొణిగారు. తర్వాత రాత్రి పదిన్నరకి గది 32.5కి దిగడం మొదలైంది.

నీళ్లతో చల్లబరచడం గురించి కూడా చెప్పాలి. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 0.67 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడిని తీసుకుపోతుంది. కప్పు మీద తడి గోనెపట్టాలు పరిస్తే నిజంగా పని చేస్తుంది. కానీ పడమటి మండలాల్లో ఫ్లోరైడు లేని మంచినీళ్ల కోసం క్యాన్లు కొనుక్కునే జనానికి కప్పు మీద నీళ్లు పోయమని ఏ మొహంతో చెప్తాం? చిన్న ఎయిర్ కూలర్ మాత్రం పెట్టుకున్నారు. 42 డిగ్రీల పొడి గాలిలో, తేమ 20 శాతం ఉన్నప్పుడు, నీరు గాలిని 24 దగ్గరికి దింపగలదు. కూలర్ అందులో చాలావరకు సాధిస్తుంది. బోరు నీళ్ల ఉప్పుకు గడ్డి ప్యాడ్లు సీజనుకు రెండుసార్లు మార్చాలి, అంతే. ఇదే సలహా సింగరాయకొండ దగ్గర ఇంకో ఇంటికి ఇచ్చి తిట్లు తిన్నాను. అక్కడ 36 డిగ్రీలు, తేమ 60 శాతం. నీటితో ఎంత ప్రయత్నించినా 29 కిందికి రాదు, పైగా దుప్పటి తడిసినట్టు జిడ్డు. కోస్తా ఇంటికి కావలసింది ఎదురెదురు కిటికీలు, సముద్రపు గాలికి దారి. ఒకే జిల్లాలో గంటన్నర ప్రయాణం దూరంలో రెండు వేర్వేరు వాతావరణాలు, మనం కట్టేది మాత్రం రెండు చోట్లా ఒకే ఇల్లు.

కొడుకు రెండో ఏడు పడక గదికి ఒక టన్ను ఏసీ పెట్టించాడు. నేను వద్దనలేదు. వడగాలి బాగా కొట్టిన రెండు వారాలు 27 మీద పెట్టి ఫ్యానుతో కలిపి వాడారు. సాయంత్రం పూట వోల్టేజీ పడిపోయి అది ఆగినా గది గంటదాకా చల్లగానే ఉంటోందని మాస్టారు చెప్పారు. మిగతా రోజుల్లో దాన్ని ముట్టుకోలేదట. చాలా రాత్రులు వాళ్లిద్దరూ గదిలో కూడా పడుకోరు. సాయంత్రం నాలుగు బిందెల నీళ్లు తెల్ల మొజాయిక్ మీద చల్లి, మడత మంచాలు వేసుకుంటారు. అది పాత శ్లాబులా అర్ధరాత్రి దాకా కాలదు, తొమ్మిదింటికల్లా కాలు పెట్టొచ్చు.

పోయిన మార్చిలో వెళ్లినప్పుడు పాత శ్లాబు గదికి కూడా సున్నం వేసేద్దాం, నా ఖర్చే అన్నాను. అమ్మగారు ఒప్పుకోలేదు. కొత్త కప్పు మీద వడియాలు, ఊరమిరపకాయలు సరిగ్గా ఎండడం లేదట. "దాని జోలికి రాకు నాయనా, అది కాలాల్సిందే" అన్నారు. నాకూ మంచిదే. వచ్చే మేలో పోల్చి చూడటానికి సున్నం వేయని గది ఒకటి ఉంటుంది.